జానెడు నీళ్ళు

హారన్ బాబాయి నోరు తెరిస్తే వీధి చివర పడుకున్న కుక్క లేచి కూర్చుంటుంది. ముప్ఫై నాలుగేళ్ళు బస్సు తోలిన మనిషాయన. ఇంజను చప్పుడు మీదుగా మాట్లాడీ మాట్లాడీ గొంతు ఆ ఎత్తులోనే ఉండిపోయింది. ఉద్యోగం అయిపోయాక ఊరి చివర ఒక వరి మడి కొనుక్కున్నాడు గానీ, గొంతును మాత్రం డిపోలో అప్పజెప్పకుండా వెంట తెచ్చుకున్నాడు. మందుల షాపువాడితో గుట్టుగా చెప్పుకున్న అజీర్తి సంగతి సాయంత్రానికి మూడు వీధులకు తెలిసిపోయింది. అటువంటి మనిషి ఒక్క విషయాన్ని దాదాపు మూడు నెలలు పెదవి దాటనివ్వలేదంటే నమ్మడం కష్టమే. కానీ జరిగింది అదే. ఆ విషయం బయటపడిన రోజు విత్తనాల వదిన చెప్పులు కూడా వేసుకోకుండా ఆయన ఇంటికి పరిగెత్తింది.

విత్తనాల వదిన ఎవరికి వదినో ఎవరూ చెప్పలేరు. లారీ తోలే ఆమె మొగుడికి తమ్ముళ్ళు లేరు. అయినా ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా వదినా అనే పిలుస్తారు, ఆమె పలుకుతుంది. ఆమె మడిలో పండేది వండుకునే వరి కాదు, మళ్ళీ నాటుకునే వరి. పాలజిగురు అని దాని పేరు. కాపురానికి వచ్చినప్పుడు ఆమె అత్తగారు బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్న గింజ అది. మామూలు బియ్యపు గింజ గాజుముక్కలా వెలుతురును లోపలికి రానిస్తుంది. పాలజిగురు గింజ ఎండాక గడ్డకట్టిన పాలచుక్కలా తెల్లగా ఉంటుంది, దీపం ముందు పెట్టినా వెలుతురు దూరదు. వండితే మెతుకు మెతుకునూ వదలదు.

ఈ పాలజిగురులో ఒక వింత ఉంది. పక్క చేలో మామూలు వరి పుప్పొడి ఎగిరొచ్చి దీని పువ్వులో పడిందనుకోండి, ఆ పువ్వుకు పట్టిన గింజ తెల్లగా రాదు, గాజులా వస్తుంది. తప్పు జరిగిన సంగతి గింజ మొహం మీదే కనిపిస్తుంది. అందుకే విత్తన సంఘం వాళ్ళది గట్టి లెక్క. వెయ్యి గింజలు ఒలిస్తే మూడు గాజుగింజల దాకా సరే. నాలుగోది కనిపించిందా, ఆ ధాన్యం విత్తనం కాదు, నేరుగా బియ్యం మరకు పోవలసిందే. పక్క చేనుకూ దీనికీ మధ్య కనీసం పది అడుగులు ఖాళీ వదలమని కూడా రాసి పెట్టారు. వదిన ఆ పది అడుగులనూ తాడుతో కొలిచి, ఇంచీ తగ్గకుండా వదిలేది.

అత్తగారిది ఇంకా గట్టి లెక్క. ఆవిడకు మోకాళ్ళు అరిగి మూడేళ్ళుగా గట్టు ఎక్కడం లేదు గానీ, నోరు మాత్రం రోజుకు నాలుగుసార్లు మడి చుట్టూ తిరిగొస్తుంది. "విత్తనం ఎప్పుడూ మూల నుంచే తియ్యి" అనేది. పక్క మడి హారన్ బాబాయిది, మూల అంటే ఆ గట్టుకు ఎదురు కొస. అటువైపు ఖాళీ నేలా, నడిచే దారీ కలిపి నలభై అడుగులు దాటితే గానీ ఇంకో చేను లేదు. అందరికీ దూరంగా ఉన్న చోటే గింజ శుద్ధంగా ఉంటుందని ఆవిడ నమ్మకం. గట్టు పక్క వరసలు ఎంత బాగా పండినా విత్తనంలో కలపనిచ్చేది కాదు. నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో అదే పద్ధతి.

ఈ ఏడు ఆ పద్ధతి మీదే ప్రాణాలన్నీ పెట్టుకున్నారు. పోయినేడు పంటను పురుగు కొట్టేసింది. ఇంట్లో డబ్బాల్లో దాచిన పాత గింజలన్నీ ఊడ్చి నారు పోశారు. అరచెయ్యంత మడి అది, అందులో తప్ప పాలజిగురు ఇంకెక్కడా లేదు. ఈసారి గింజ కలుషితమైతే మళ్ళీ తెచ్చుకోవడానికి ఇంకో గడప లేదు. అత్తగారు పైకి ఏమీ అనలేదు గానీ, ఖాళీ డబ్బాలను కడగనివ్వకుండా అలాగే వరసగా పెట్టుకుంది.

పైరు పొట్ట దశకు వచ్చిన వారంలోనే ఫోను వచ్చింది. వెన్ను ఇంకా బయటికి రాకుండా, మొదలుకు కాస్త పైన ఆకు తొడుగులో ముడుచుకుని ఉండే రోజులవి. వదిన కూతురికి ఏడు వారాల ముందే నొప్పులొచ్చాయి. వదిన ఉన్న బట్టలతో బస్సెక్కింది. పుట్టిన పాప వదిన చేతి మూరెడు కూడా లేదు. దాన్ని వెచ్చటి గాజు పెట్టెలో పెట్టారు. పదకొండు రోజులు వదిన ఆ గాజుకు అవతల కుర్చీలో కూర్చుని, పెట్టె మీద వెచ్చదనం చూపే అంకెలను చూస్తూ గడిపింది. ఆ అంకె కాస్త తగ్గితే నర్సు కంటే ముందు వదినే లేచేది. బయట ముసురు పట్టి, ఎన్నడూ లేనంత చల్లగాలి కొడుతోందని కిటికీలోంచి తెలుస్తూనే ఉంది. కానీ ఆమెకు మడి గుర్తుకు రాలేదు. ఆ పదకొండు రోజులూ ఆమెకు ఒక్కటే పంట.

పన్నెండో రోజు పాప గండం గట్టెక్కిందన్నారు. వదిన తిరిగొచ్చేసరికి ముసురు విడిచి ఎండ కాస్తోంది. ఇంటికి పోకుండా తిన్నగా మడికి పోయింది. 

చీలమండ దాకా ఉండవలసిన నీళ్ళు పిక్కల దాకా ఉన్నాయి. జానెడు లోతు. ఖాళీగా వదిలిన పది అడుగులూ చిన్న చెరువులా నిగనిగలాడుతున్నాయి. ఆకుల కొసలు పసుపెక్కి ఉన్నాయి. మూల దగ్గర నేల బెత్తెడు మెరక కాబట్టి అక్కడ మాత్రం పాదం మునిగేటంతే ఉంది. కాలువ నీళ్ళు ముందు బాబాయి మడిలోకి వచ్చి, గట్టులో ఉన్న మడవగుండా వదిన మడిలోకి దిగుతాయి. ఆ మడవ బార్లా తెరిచి ఉంది. మళ్ళీ మూసుకోకుండా పక్కన ఎవరో చెక్కదిమ్మ ఒకటి అడ్డం పెట్టారు. ఎవరో ఏమిటి, బస్సు చక్రం కింద పెట్టే దిమ్మ అది, దాని మీద డిపో నంబరు కూడా ఉంది.

వదిన దిమ్మను పీకి, మడవ మూసి, ఆ దిమ్మను చంకలో పెట్టుకుని బాబాయి ఇంటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద టీ తాగుతున్నాడు.

"ఏంటి బాబాయ్ ఇది? నా మడిని చెరువు చేశారేంటి?"

బాబాయి గ్లాసు కింద పెట్టాడు. 

"పదకొండు రోజులు నేను ఊళ్ళో లేకపోతే ఇదా పని? మీ మడిలో నీళ్ళెక్కువైతే కాలవలోకి తోసుకోండి, నా నెత్తిన పోస్తారా? పొట్టమీదున్న పైరు! దానికి ఇంకో గింజ లేదని మీకు తెలుసు. తెలిసీ ముంచేశారు!"

ఎదురింటావిడ తలుపు తీసి చూసింది. హారన్ బాబాయి నోరు విప్పితే వదిన మాట ఎవరికీ వినిపించదు, అందరికీ తెలుసు. ఆయన విప్పలేదు. పాదాల వంక చూసుకుంటూ, వింటున్నవాళ్ళు ఆశ్చర్యపోయేంత చిన్న గొంతుతో అడిగాడు.

"పాప ఎలా ఉంది అమ్మాయ్?"

"పాప సంగతి మీకెందుకు!" అంది వదిన. చెక్కదిమ్మను అరుగు మీద పడేసి వెళ్ళిపోయింది.

ఆ మాట అన్న క్షణంలోనే ఆమె మనసులో ఎక్కడో ముల్లు దిగింది. కానీ కోపంలో ఉన్నవాళ్ళకు ముళ్ళు తీసుకునే తీరిక ఉండదు. ఇంటికి పోయి అత్తగారి ముందు నిప్పులు చెరిగింది. అంతా విని ఆవిడ ఒక్కటే అడిగింది.

"ఆ డ్రైవరుకి మన మీద పగేం ఉందే?"

దానికి వదిన దగ్గర సమాధానం లేదు. లేకపోతేనేం, కోపం ఉంది కదా, దాంతోనే సరిపెట్టుకుంది.

పూత వచ్చింది. కోత వచ్చింది. వదిన ఎప్పటిలాగే మడిని మూడు భాగాలుగా కోయించింది. గట్టు పక్క వరసలు ఒక మూట, నడుమ ఉన్నది నాలుగు మూటలు, మూల ఒక మూట. నూర్చి తూర్పారబడితే మూల మూట సగానికి పైగా తాలై ఎగిరిపోయింది. నడుమ ధాన్యంలోనూ తాలు బాగానే ఉంది. గట్టు పక్కది మాత్రం పిడికెడు తాలు కూడా లేకుండా చేటలో బరువుగా కూర్చుంది. వదిన చూసింది, చూసి కూడా ఆలోచించలేదు.

"నీళ్ళెక్కువై మూల అంతా తాలైపోయింది అత్తయ్యా."

"మెరక మూలన్నావు కదే. అక్కడికి నీళ్ళెలా ఎక్కాయి?"

"మీరూరుకోండి అత్తయ్యా, మీకు తెలీదు."

ఆవిడ ఊరుకుంది. నలభై ఏళ్ళు గింజను కాపాడిన మనిషిని తెలీదు పొమ్మన్న కోడలు, అదే చేత్తో, ఎండబెట్టడం అయ్యాక, గట్టు మూటను సైకిలు మీద వేసుకుని బాబాయి ఇంటికి తోసుకుపోయింది. ఎలాగూ విత్తనంలో కలపని మూట. మామూలుగా అయితే మర పట్టించి ఇంట్లోకి వాడుకునేవాళ్ళు. ఈసారి ఆమెకు అది ఇంట్లో ఉండటం కూడా ఇష్టం లేకపోయింది. అరుగు మీద దభీమని పడేసింది.

"ఇదుగోండి. మీరు ముంచినవి మీరే వండుకుని తినండి."

బాబాయి మూట వంక చూసి, ఆమె వంక చూసి, తల ఊపాడు. ఆయన మడి కోత కూడా అయిపోయిందనీ, అందులో మూడొంతులు తాలేననీ వీధిలో ఎవరో అన్నారు. వదిన చెవిలో పడింది, అక్కడితో ఆగిపోయింది.

పచ్చిగా ఉన్నప్పుడు పాలజిగురు కూడా గాజులాగే కనిపిస్తుంది. ఎండితే గానీ లోపలి పాలు బయటపడవు. నాలుగు రోజులు ఎండబెట్టాక వదిన మూల ధాన్యంలోంచి పది గింజలు ఒలిచి చూసింది. పదీ తెల్లగా ఉన్నాయి. హమ్మయ్య అనుకుంది. మూడు గుడ్డ సంచుల్లో మూడు దోసిళ్ళ గింజలు పోసి, గట్టు, నడుమ, మూల అని పెన్సిలుతో రాసుకుంది. గట్టు మూట ఇచ్చేసేముందు దాంట్లోంచి కూడా ఒక దోసెడు తీసి పెట్టుకుంది లెండి. దానికి ఆమె కారణం ఆమెకు ఉంది. గట్టు సంచిలో గాజుగింజలు గంపెడు తేలితే, పక్క చేనువాళ్ళు ఎంత నష్టం చేశారో విత్తన సంఘం వాళ్ళకు చూపించవచ్చు.

విత్తన సంఘం పరీక్ష గది చిన్నది. దుమ్ము రాకూడదని చెప్పులు గుమ్మం బయటే విడవాలి. లోపల పొడవాటి బల్ల, దాని మీద కింద నుంచి దీపం వెలిగే గాజుపలక, చిన్న పట్టకారు, ఎర్రటి టించరు సీసా. గింజలు పరీక్షించే అమ్మాయికి ముప్ఫై ఏళ్ళుంటాయేమో, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారుతూ ఉంటాయి, మోచేత్తోనే పైకి తోసుకుంటుంది. చేతులు ఎప్పుడూ గింజల మీదే ఉంటాయి మరి.

"ముందు గట్టుది చూడమ్మా" అంది వదిన, బాబాయి నేరం త్వరగా చూడాలని.

అమ్మాయి వెయ్యి గింజలు లెక్కపెట్టి, రబ్బరు చక్రాల మధ్య పొట్టు తీసి, పలక మీద పరిచింది. దీపం వేసింది. పలక నిండా నల్లటి చుక్కలు. వెలుతురును ఆపే తెల్లగింజలు కింద నుంచి చూస్తే అలాగే కనిపిస్తాయి. వాటి మధ్య ఒకే ఒక్క గింజ మెరిసింది. దాన్ని పట్టకారుతో తీసి, సగానికి కోసి, టించరు చుక్క వేసింది. నీలం నలుపుగా మారింది. జిగురు గింజైతే ఇటుక రంగుకు వచ్చేది.

"ఒకటి" అంది అమ్మాయి. "భలే శుద్ధంగా ఉంది వదినా."

వదినకు కాస్త ఆశాభంగమే అయింది. తర్వాత నడుమ సంచి. అమ్మాయి పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. ఆరు.

"ఆరా!" వదిన పలక మీదికి వంగింది. "సరే, మూలది చూడు. ఎప్పుడైనా మాకు మూలే విత్తనం."

మూల సంచి గింజలు పలక మీద పడి దీపం వెలగగానే వదిన లెక్కపెట్టనక్కర్లేకపోయింది. నల్లటి చుక్కల మధ్య అక్కడొకటి, ఇక్కడొకటి, కళ్ళు తెరిచినట్టు మెరుస్తున్నాయి. పద్నాలుగు. అమ్మాయి ఇంకో వెయ్యి పోసి చూసింది. పదిహేను.

వదిన సంచుల మీది పెన్సిలు రాతలు మళ్ళీ చదువుకుంది. అత్తగారి ఖాళీ డబ్బాలు కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి.

"సంచులేమైనా మారిపోయాయేమో" అంది చివరికి. "మూల అందరికీ దూరం. నలభై అడుగులు. గట్టు పక్కన పదడుగులకే బాబాయి చేను. తారుమారుగా ఎలా వస్తుంది?"

అమ్మాయి కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "వరి పువ్వు మహా మొహమాటస్తురాలు వదినా. పొద్దున తెరుచుకుంటుంది, తన పుప్పొడి తన మీదే రాలుతుంది, కాసేపటికి మూసుకుంటుంది. బయటి పుప్పొడి వచ్చేలోగా తలుపేసి ఉంటుంది. పైగా ఆ పుప్పొడి గాల్లో బతికేది కొద్ది నిమిషాలే. అందుకే మంచి ఏట పదడుగులు చాలు."

"మరి ఈ ఏడు?"

"ఈ ఏడు పొట్ట దశలో చలి కొట్టింది కదా. అప్పుడు చలి తగిలితే లోపల తయారవుతున్న పుప్పొడి చచ్చిపోతుంది. గింజ కట్టే భాగం మాత్రం బతికే ఉంటుంది. పువ్వు తెరుచుకుంటుంది, తనదంటూ ఏమీ రాలదు. తొందరగా మూసుకోదు కూడా. ఎవరి పుప్పొడి వస్తే అది పుచ్చుకుంటుంది. ఏదీ రాకపోతే తాలు. దారి అవతల చేను చలికి ఓర్చే రకం, దాని పుప్పొడి బాగానే ఉంది. గాలి అటునుంచి వీచినప్పుడు మీ మూల అంతా నోరు తెరుచుకుని ఉండుంటుంది. అలాంటి ఏట నలభై అడుగులు కూడా చాలవు."

"అయితే గట్టు పక్కన?"

"అదే నేనూ అడుగుదామనుకుంటున్నా. అక్కడ చలి తగల్లేదు. దాని పుప్పొడి దానికి సరిపోయింది. ఎందుకు తగల్లేదో మీరే చెప్పాలి." అమ్మాయి పలక మీద గింజలను మెల్లగా పోగు చేస్తూ అంది. "పొట్ట దశలో నీళ్ళేమైనా లోతుగా పెట్టారా? చలి ఏళ్ళలో అలా చేసేవాళ్ళున్నారు. వెన్ను ఇంకా కిందే ఉంటుంది కదా, పగలు వెచ్చబడిన నీళ్ళు సాయంత్రం జానెడు పెడితే దుప్పటి కప్పినట్టే. మెరక ఉన్నచోట అందదనుకోండి."

వదినకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పిక్కల దాకా ఉన్న నీళ్ళు. డిపో నంబరున్న దిమ్మ. పాదాల వంక చూసుకుంటున్న బాబాయి. వాటి వెనకాలే, అన్నిటికంటే బరువుగా, అరుగు మీద దభీమని పడిన మూట.

"అమ్మాయ్! ఆ గట్టు మూట... ఒక్క మూట ఉంటే చాలా?"

"అలాంటి గింజ ఒక్క మూటుంటే చాలు వదినా, రకం బతికినట్టే. ఎక్కడుంది?"

వదిన అప్పటికే గుమ్మం దాటింది. విడిచిన చెప్పులు విడిచినట్టే ఉన్నాయి.

దారి పొడవునా ఆమె రోజులు లెక్కపెట్టుకుంది. మూట ఇచ్చి తొమ్మిది రోజులైంది. బాబాయి మడి తాలైపోయింది, ఇంట్లో గింజ ఉండదు. బియ్యం మర వీధి మలుపులోనే ఉంది. తొమ్మిది రోజుల్లో ఏ మనిషైనా మర పట్టించకుండా ఉంటాడా? తినమని మరీ చెప్పి వచ్చింది తనే. మర ముందు నుంచి పోతూ లోపలికి తొంగి చూసింది. పొట్టు గుట్టగా పోసి ఉంది. అది ఎవరి ధాన్యం పొట్టో పొట్టును చూసి ఎవరు చెప్పగలరు? ఆమె పరుగు ఆపలేదు.

బాబాయి వంటింట్లో ఉన్నాడు. పొయ్యి మీద గిన్నెలో బియ్యం ఉడుకుతున్నాయి. వదిన నేరుగా వెళ్ళి మూత తీసింది. మెతుకులు విడివిడిగా ఎగురుతున్నాయి. జిగురు బియ్యం కాదు. పక్కన కొట్లో కొన్న కాగితం పొట్లం చింపి ఉంది.

"మూటేది బాబాయ్?"

ఆయన బెదిరిపోయి పడకగది వైపు చూపించాడు. పరుపు మడిచి గోడకు ఆనించి ఉంది. మంచం మధ్యలో, మంచం తనదేనన్నట్టు, మూట కూర్చుని ఉంది. మంచం కాళ్ళు నాలుగూ నీళ్ళు పోసిన డబ్బాల్లో ఉన్నాయి. మూట మూతి వదిన కట్టిన ముడితోనే ఉంది. మంచం పక్కన నేల మీద చాప, దిండు.

"ఎలుకలూ చీమలూ ఎక్కువ మా ఇంట్లో" అన్నాడు బాబాయి, తప్పు ఒప్పుకుంటున్నట్టు. ఆ మాట వీధి చివరి దాకా వినిపించింది.

"మీరు కింద పడుకుంటున్నారా? తొమ్మిది రోజులుగా?"

"అది విత్తనం కదమ్మా. నువ్వు కోపంలో ఇచ్చావు. కోపం తగ్గాక అడుగుతావని ఉంచాను. విత్తనాన్ని మర పట్టిస్తానా?"

వదిన మూట మీద చెయ్యి వేసి మంచం అంచున కూర్చుంది. పరిగెత్తి వచ్చిన ఊపిరి ఇంకా కుదుటపడలేదు. మొహం ఎత్తి ఆయన్ను చూడటానికి సిగ్గేసింది, అయినా చూసింది.

"నీళ్ళు ఎందుకు పెట్టారో ఆ రోజే చెప్పొచ్చు కదా బాబాయ్. ఊళ్ళో అందరికీ అన్నీ చెప్తారే!"

బాబాయి చెవి వెనక గోక్కున్నాడు. "నాకే గట్టిగా తెలీదు అమ్మాయ్. ఎప్పుడో నా బస్సులో ఓ ముసలాయన ఎక్కేవాడు, నా సీటు వెనకే కూర్చునేవాడు. పొట్టమీద చలొస్తే పైరుకి నీళ్ళదుప్పటి కప్పాలి, పగలు ఎండకి కాగనిచ్చి సాయంత్రం వదలాలి అనేవాడు. ఆయనెవరో కూడా తెలీదు, తన స్టాపు రాగానే దిగిపోయేవాడు. ఇన్నేళ్ళలో నా సీటు వెనక లక్ష మాటలు విన్నాను, అందులో సగం అబద్ధాలు. ఇది ఏ సగమో నాకేం తెలుసు? సరే చూద్దామని పెట్టాను. నువ్వొచ్చేసరికి ఆకులు పసుపెక్కి ఉన్నాయి. నిజంగానే ముంచేశాననుకున్నా. ఇక ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"మరి మీ మడికి?"

"కాలవ నీళ్ళు ఆ వారం సగమే వచ్చాయి కదా. ఒక్క మడికే సరిపోయేది. నా మడిలో పగలంతా వెచ్చబడనిచ్చి సాయంత్రం నీ వైపు వదిలేవాణ్ణి. రాత్రికి నా మడిలో నీళ్ళు అడుగంటేవి." ఆయన చేతులు చాచాడు. "నాకు పోయింది బియ్యమే. బియ్యం కొట్లో దొరుకుతాయి, అదిగో ఉడుకుతున్నాయి. మీ అత్తగారి గింజ ఏ కొట్లో దొరుకుతుంది చెప్పు?"

వదిన ఏడ్చింది. ముక్కు ఎర్రబడేలా, దాచుకోకుండా ఏడ్చింది. తను అక్కడ గాజుపెట్టె పక్కన కూర్చుని ఒక ప్రాణానికి వెచ్చదనం తగ్గకుండా కాపలా కాస్తున్న పదకొండు రోజులూ, ఇక్కడ ఈ మనిషి తన పంట నుంచి వెచ్చదనం తీసి ఆమె పంటకు కప్పుతూ వచ్చాడు. ప్రతిగా ఆమె ఇచ్చింది నడివీధిలో నాలుగు మాటలు.

"నన్ను తిట్టండి బాబాయ్" అంది. "మీ గొంతుతో తిట్టండి, అందరూ వినాలి."

"తిట్టడమెందుకమ్మా. దిమ్మ తిరిగి ఇచ్చేశావు కదా, మంచి దిమ్మ అది."

ఆమెకు ఏడుపులో నవ్వొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ మేలు మర్చిపోను బాబాయ్. నేనే కాదు, మా అత్తయ్య, నా కూతురు, ఈ గింజ నాటుకునే వాళ్ళెవరైనా సరే. వాళ్ళకి నేను చెప్తాను, మీ పేరు చెప్పి మరీ చెప్తాను." అని, సిగ్గుపడుతూ అడిగింది. "మీ పేరేంటి బాబాయ్?"

ఆయన చెప్పాడు. ఆ గొంతుకు అది ఎదురింటివాళ్ళకు కూడా వినిపించి, వాళ్ళు కూడా మొదటిసారి విన్నారు.

పొయ్యి మీద అన్నం మాడుతున్న వాసన వచ్చింది. ఇద్దరూ పరిగెత్తారు. గిన్నె దించుతూ, వెనక్కి తిరగకుండానే, బాబాయి గొంతు తగ్గించి అడిగాడు.

"పాప ఎలా ఉంది అమ్మాయ్?"

మూడు నెలల క్రితం అరుగు మీద విడిచిపోయిన ప్రశ్న అది. ఈసారి వదిన నిలబడి జవాబు చెప్పింది. ఎంత బరువు పెరిగిందో చెప్పింది, ఎలా నవ్వుతుందో చెప్పింది, ఆవలించేటప్పుడు నోరు ఎటు వంకర పోతుందో చేసి చూపించింది. ఆయన గరిటె పట్టుకుని అన్నీ విన్నాడు. వచ్చే వారం కూతురు పాపను తీసుకుని వస్తుందనీ, ఆ రోజు భోజనం తమ ఇంట్లోననీ చెప్పి, మూట సైకిలు మీద కట్టుకుని వదిన బయల్దేరింది. సంఘం గుమ్మం బయట విడిచిన చెప్పుల సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఇంటికి వెళ్ళి అత్తగారికి అంతా చెప్పింది. తెలీదు పొమ్మన్నందుకు ఆవిడకూ ఒక క్షమాపణ బాకీ ఉంది, అదీ తీర్చింది. అత్తగారు మూట విప్పి, ఒక గింజను పంటితో ఒలిచి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది.

"నలభై ఏళ్ళు మూల మూల అని మొత్తుకున్నాను" అంది. "దూరమొక్కటే చూసుకున్నాను. చలి సంగతి నాకూ తెలీదే." తర్వాత లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ, ఖాళీ డబ్బాలను ఒక్కొక్కటే తీసి కడగడానికి ఇచ్చింది.

మూటలో సగం సంఘానికి వెళ్ళింది. మిగతా సగాన్ని నారు పోసే రోజున వదిన రెండు భాగాలు చేసి, ఒకటి బాబాయి చేతిలో పెట్టింది.

"మీ మడిలో కూడా ఇదే వెయ్యండి బాబాయ్."

"నాకా? విత్తనం పండించడం నాకెక్కడొచ్చు?"

"నీళ్ళు పెట్టడం వచ్చు కదా. మిగతాది అత్తయ్య దారి మీద కుర్చీ వేయించుకుని చెప్తుంది, మీ గొంతుకి ఆవిడ నోరే సరిజోడు."

నాట్ల రోజున బాబాయి, ఏటా వదిన చేసేలాగే, గట్టు దగ్గర తాడు పట్టుకుని నిలబడ్డాడు, పది అడుగులు కొలవడానికి. వదిన వెళ్ళి ఆయన చేతిలోంచి తాడు తీసుకుని చుట్ట చుట్టేసింది. రెండు మడుల్లోనూ ఒకే గింజ ఉన్నప్పుడు ఎవరి పుప్పొడి ఎటు ఎగిరినా భయం లేదు. ఇన్నేళ్ళుగా ఖాళీగా పడి ఉన్న ఆ పది అడుగుల నేలలో, గట్టును ఆనుకుని, మొదటి నారు కట్ట ఆమే నాటింది.